ఎలుగుబంటి ముక్కుతో కథ రాయడం ఎలా

అడవి జంతువు వైపు నుంచి కథ రాయాలనుకునే వాళ్లలో చాలామంది మొదటి పేరాలోనే దొరికిపోతారు. "నేనొక చిరుతను. ఈ మనుషులు నా అడవిని నరికేస్తున్నారు" అని మొదలుపెడతారు. అక్కడితో చిరుత అయిపోయింది, ఇక మాట్లాడేదంతా ఆరో తరగతి పర్యావరణం పాఠమే. చిరుతకు "ఇది నా చోటు" అనే లెక్క ఉంటుంది, చెట్టు గీరి, ఉచ్చ పోసి హద్దు పెట్టుకుంటుంది కాబట్టి ఆ మాట దాని నోట్లో పెట్టినా తప్పు లేదు. కానీ మనుషులంతా ఒక జాతి, ఆ జాతి చేసిన పాపం, దాని మీద ఫిర్యాదు, ఇవన్నీ మన బుర్రలోవి. చిరుతకు తెలిసింది గట్టు మీద కుక్క ఉందా లేదా, గాలి ఎటు వీస్తోంది, అంతే.

ముందు జంతువును ఎంచుకోండి, అదీ మీకు దగ్గర్లో ఉన్నదాన్ని. అనంతపురంలో కూర్చుని ఆఫ్రికా సింహం కథ రాయడం ఎందుకో నాకర్థం కాదు. మన సీమ అంటే రాళ్లు, కంపచెట్లు తప్ప ఏముందనుకుంటారు గానీ, రోళ్లపాడు గడ్డి మైదానాల్లో కృష్ణజింకలు, తోడేళ్లు ఉన్నాయి, నల్లమలలో పెద్దపులి, శేషాచలం కొండల్లో దేవాంగపిల్లి, కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు గుండ్ల (పెద్ద బండరాళ్ల) కొండల్లో ఎలుగుబంట్లు. ఒక్కోటి ఒక్కో రకం కథే ఇస్తుంది, మీకు నచ్చిన కథను దేనికి పడితే దానికి తగిలించలేరు. కృష్ణజింకది మంద కథ. అది తల ఎత్తేది చాలాసార్లు పక్కది తల ఎత్తింది కాబట్టే, అందుకని ఒక్కదాని మనసులోకి దూరడం కష్టం. తోడేలుది కుటుంబం కథ, వేటాడి వచ్చి కడుపులోది కక్కి పిల్లలకు పెట్టే జంతువు అది. ఇంకోటి, తోడేలుకు ఎరుపు, పచ్చ తేడా సరిగా తెలీదు, కాబట్టి దాని కథలో ఎర్రటి సూర్యుడు గుట్టల వెనక దిగకూడదు.

కలివికోడి కథ రాసేవాళ్లకు ఒక మాట. 1900 తర్వాత ఎవరి కంటా పడక, ఇక అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ దొరికింది. ఆ సంగతి తెలిసిన ఎవరికైనా "నేను ఒంటరిని, నా జాతిలో చివరిదాన్ని" అని రాయాలనే చేయి దురద పుడుతుంది. రాయకండి. తను అరుదైన పక్షినని కలివికోడికి తెలీదు. పొదల మధ్య ఖాళీ నేల, రాత్రి, చెదపురుగులు, దూరం నుంచి తన పిలుపు లాంటి ఇంకో పిలుపు వినిపించిందా లేదా, దానికి తెలిసింది ఇంతే. పిలిచింది, జవాబు రాలేదు, మళ్లీ పిలిచింది. ఆ జవాబు రాకపోవడం ఏమిటో చదివేవాళ్లకు అర్థమవుతుంది, పక్షికి కాదు. జంతువు కథకు బలమంతా ఇక్కడే ఉంది, దానికి తెలిసినదానికీ మనకు తెలిసినదానికీ మధ్య ఉన్న ఖాళీలో. ఆ ఖాళీని మీరే పూడ్చేస్తే చదివేవాడికి చేయడానికి పని మిగలదు.

ఇక ఎలుగుబంటిని తీసుకుని మొత్తం పద్ధతి చూద్దాం. (జాంబవంతుడిని పక్కన పెట్టండి, ఆయన లెవెలు వేరు.)

రాయడానికి ముందు దాని ఒళ్లు తెలుసుకోవాలి. ఎలుగుబంటికి చూపు అంతంత మాత్రం, ముక్కు మాత్రం అమోఘం. పుట్టను గోళ్లతో పెకలించి, మూతి పెట్టి ముందు ఉఫ్ఫున మట్టి ఊదేస్తుంది, తర్వాత సర్రున చెదలు పీల్చేస్తుంది, ఆ చప్పుడు రాత్రిపూట చాలా దూరం వినిపిస్తుంది. అలా పీల్చడానికి వీలుగా దానికి పైవరస ముందు పళ్లు రెండు ఉండవు, ముక్కు రంధ్రాలు కావాలంటే మూసుకోగలదు. పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. పిల్లల పెంపకమంతా తల్లిదే, తండ్రి అందులో ఉండదు. చలికాలం గుహలో నిద్రపోయే ఎలుగు మనది కాదు, అది మంచు దేశాల సంగతి, మన కథలో పెట్టకండి. ఇంత తెలిశాక ఒక కాగితం మీద గీత గీసి ఒక పక్క దానికి తెలిసేవి, ఇంకో పక్క తెలియనివి రాసుకోండి. రెండో పక్కే ఎక్కువ పనికొస్తుంది.

ఇప్పుడు ముక్కుతో రాయడం. మనం సహజంగా కంటితో రాస్తాం: కొండ, వెన్నెల, దూరంగా ఊరి దీపాలు. ఎలుగుబంటి కథలో ఇవి మొదటి డ్రాఫ్టులోనే కొట్టేయాలి. వాసనతో ఒక సుఖం ఉంది, అది కాలాన్ని కూడా చెబుతుంది. కన్ను ఇప్పుడున్నదే చూస్తుంది, ముక్కుకు నిన్న వెళ్లిపోయినవాడు కూడా అక్కడే ఉంటాడు. నేనైతే ఇలా మొదలుపెడతాను:

"చీకటి పడింది. గుండు ఇంకా వేడిగానే ఉంది. పల్లం నుంచి గాలి. తడిమన్ను, పచ్చి చెనిక్కాయ, గొర్రెలు, పొగ. పొగ నిన్నటిది. మళ్లీ మూతి ఎత్తింది. పెద్దపిల్ల వీపు మీదికి ఎగబాకబోతే విదిలించింది. చిన్నది అప్పటికే ఎక్కి జుట్టు పట్టుకునుంది. చెనిక్కాయ వైపు దిగింది."

ఇందులో గమనించారా, "అది" అని గానీ "ఆమె" అని గానీ ఎక్కడా లేదు. తల్లిజంతువు కథకు మన భాష చేసే పెద్ద సాయం ఇదే. ఆడమనిషి అయినా జంతువైనా వచ్చింది, దిగింది, విదిలించింది అనే అంటాం, కర్త చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. అందుకని సర్వనామం వాడకుండా పేజీలకు పేజీలు నడపొచ్చు, నాలుగో పేరాకల్లా అది ఎలుగుబంటి అన్న దూరం చదివేవాళ్ల మనసులోంచి దానంతటదే పోతుంది. మగజంతువైతే ఈ సౌకర్యం లేదు, వచ్చాడు అంటే పెంపుడు కుక్క గురించి ముద్దుగా చెప్పినట్టుంటుంది, వచ్చింది అంటే దూరం. నన్నడిగితే మొదటి కథకు ఆడజంతువునే తీసుకోండి. "నేను" అని రాయడం కూడా మొదటిసారి వద్దు. "నేను" అన్న వెంటనే కథ చెప్పేవాడికి అభిప్రాయాలు పుట్టుకొస్తాయి.

మాటల సంగతి. గంట, కిలోమీటరు, అక్టోబరు, ఇవి రావు. అలాగని ప్రతిదాన్నీ పొడుపుకథ చేయకండి. లారీని "నాలుగు గుండ్రటి కాళ్ల రాక్షసి" అని రాసేవాళ్లున్నారు, చదవడానికి ప్రాణం మీదికొస్తుంది. ఎలుగుబంటి రోజూ రాత్రి బోరు మోటారు మోత వింటూ తిరుగుతుంది, దానికది వింత కాదు, కాబట్టి మీరూ "మోటారు" అనే రాయండి. ఎందుకు మోగుతుందో, ఎందుకు ఆగుతుందో మాత్రం దానికి తెలియనివ్వకండి. పోలికలు తేవాలంటే దాని బతుకులోంచే తేవాలి: పుట్ట, తేనెపట్టు, రేగుముళ్లు, పిల్ల బరువు. దేవుడి గుడి, పట్టుచీర, సినిమా తెర వస్తే అక్కడ మీరు దొరికిపోయినట్టే.

కథాంశం కోసం ఎక్కువ వెతకొద్దు, ఋతువే ఇస్తుంది. ఎలుగుబంటి ఈనేది ఎక్కువగా చలికాలంలో. ఎండాకాలం ఈతపండ్లు, నీళ్లు లేని చెలమలు. వానలు పడ్డాక సీతాఫలం. అనంతపురం ప్రాంతంలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ ఎప్పుడు పడుతుందో తెలీదు, కాబట్టి వాన మొహం చాటేస్తే సీతాఫలం లేదు, ఉన్న కొద్ది చేలల్లోనే చెనిక్కాయ. ఖరీఫు చెనిక్కాయ పీకే రోజులకు పిల్లలు మోయలేనంత బరువెక్కుతాయి, కానీ వీపు దిగమంటే దిగవు. తల్లికి ఆకలి, చేను కిందుంది, వీపు మీద బరువు. ఇంతకంటే కథాంశం ఏం కావాలి?

ఇందులో టెన్షన్ ఎలా పుట్టించాలో చూడండి. అడవిపందుల కోసం రైతు చేను చుట్టూ కరెంటు తీగ లాగాడనుకుందాం. చట్టప్రకారం నేరం, మనుషులు కూడా చనిపోతున్నారు, అయినా అక్కడక్కడా జరుగుతూనే ఉంది. ఎలుగుబంటికి ఆ తీగ ఎలా తెలుస్తుంది? కొత్తగా పాతిన కట్టెల పచ్చివాసన, ఇనుము, ఆ ఇనుము మీద మనిషి చెమట. కరెంటుకు వాసన లేదు. ఈ మూడు వాసనలు రాసి ఊరుకోండి, తీగ అనే మాటే అనకండి. మన పల్లెల్లో పెరిగిన పాఠకుడు వెంటనే పట్టేసుకుని కుర్చీ అంచుకు జరుగుతాడు. తల్లి అటే నడుస్తోంది. పిల్ల ముందుకు ఉరికింది. అప్పుడు దూరంగా మోటారు మోత ఆగిపోయింది. తల్లి ఒక్క క్షణం చెవులు రిక్కించి మళ్లీ నడిచింది, పిల్ల అప్పటికే కట్టెలు దాటి లోపలుంది. ఊరంతా కరెంటు పోయిందని ఒక్క ముక్క రాయనక్కర్లేదు. మళ్లీ మోటారు మోగే లోపు అవి తినేసి బయటికి రావాలి, ఆ సంగతి మనకే తెలుసు, వాటికి తెలీదు. మిగతా మూడు పేజీలు అదే నడిపిస్తుంది.

మనుషులు రావాలా? రావాలి, కానీ ముక్కలు ముక్కలుగా. బీడీ, పురుగుమందు, గొర్రె ఉన్ని వాసన వేసే కంబళి, దగ్గు, టార్చిలైటు. విలన్ని చేయొద్దు. ఆ రైతు అప్పు తెచ్చి విత్తనం వేసుంటాడు, ఆ సంగతి ఎలుగుకు తెలీదు గానీ రాసే మీకు తెలియాలి, తెలిస్తే ఆ మనిషి నడిచే తీరు మారుతుంది. దగ్గర్లో ఉన్నట్టుండి ఎదురుపడితేనే ఎలుగుబంటి ఎక్కువగా మీద పడుతుంది, అది కోపం కంటే బెదురు. ఇద్దరూ బెదిరిపోయిన ఆ ఒక్క నిమిషాన్ని నెమ్మదిగా, పొడుగ్గా రాయండి.

ఆకలి, భయం, పిల్ల మీద కాపు, నొప్పి, ఆట, ఇవన్నీ ధైర్యంగా రాయొచ్చు. పగ, సిగ్గు, పశ్చాత్తాపం వద్దు. పిల్ల చనిపోతే తల్లి ఏం చేస్తుందో రాయండి, తిరిగొచ్చి వాసన చూసింది, మూతితో నెట్టింది, ఇలా. ఏమనుకుందో రాయకండి. సంభాషణలు అసలే వద్దు, గుర్రుమనడం, ఉఫ్ఫుమనడం, పిల్లల కీచుమనడం సరిపోతాయి.

సమాచారం కోసం అడవిలోకి పోయి గుహల్లో తల పెట్టకండి, ప్రత్యేకించి తెల్లవారుజామున, సాయంత్రం. పగటిపూట కొండ కింద దారుల్లో తవ్వేసిన పుట్టలు, రేగు గింజలు తేలిన పెంట చూస్తే చాలు, వీలైతే ఫారెస్టు వాచర్‌ను వెంట తీసుకెళ్లండి. కెమెరా కంటే నోటుబుక్కు నయం, అందులో కనిపించినవి కాకుండా వాసనలూ చప్పుళ్లూ మాత్రమే రాసుకురండి.

మొదటి కథ ఒక్క రాత్రిలో జరగనివ్వండి, ఐదారు పేజీలు దాటొద్దు. చివర్లో జంతువును చంపి ఏడిపించడం సులువు కాబట్టే దాని జోలికి పోకండి, కథ నిజంగా అటే పోతుంటే తప్ప. రాశాక తోటి రచయితలకు చూపించే ముందు గొర్రెలు కాసే పెద్దాయనెవరికైనా చదివి వినిపించండి. "అబ్బా, బాగుంది నాయనా" అంటే పట్టించుకోవద్దు. "ఎలుగుగొడ్డు అట్ల చేయదు నాయనా" అన్న చోట పెన్సిల్‌తో గీత పెట్టుకుని, మరి ఎట్ల చేస్తుందో అడగండి.