వేసవి ప్రయాణానికి ముందు పాస్టరుగారు చూసుకోవలసిన జాగ్రత్తలు

- ముందుగా ఆదివారాల సంగతి తేల్చండి. రాసిపెట్టిన ప్రసంగం చదవడానికి సంఘ పెద్ద ఒకరు చాలు. ప్రభురాత్రి భోజనం అలా కాదు. సంఘం నుంచి సక్రమంగా పిలుపు పొందినవారే సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం) జరిగించాలని లూథరన్ సంఘాల ముఖ్య విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 14వ అధికరణం చెబుతుంది. అందుకే పొరుగు పాస్టరుతో తేదీలు రాతపూర్వకంగా ఖాయం చేసుకోండి. వేసవిలో నోటిమాటలు నిలవవు.
- ప్రాణాపాయంలో ఉన్న శిశువుకు నీళ్లతో, త్రియేక దేవుని నామంలో విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వవచ్చని పెద్దలకు గుర్తుచేయండి.
- మంచం పట్టినవారిని బయలుదేరేముందే చూసి రండి.
- అంత్యక్రియలకు ఎవరిని పిలవాలో నిర్ణయించండి.
- యువజన శిబిరం ముగిసిన మర్నాడే దూరప్రయాణం పెట్టుకోకండి; గొంతూ ఒళ్లూ సహకరించవు.
- సెలవులో ఎవరైనా ప్రసంగించమంటే, వెనక బెంచీలో కూర్చోవడానికే వచ్చానని చెప్పండి.