ఇంట్లో వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని జాగ్రత్తగా చూసుకోవడం ఎలా?

ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే హైదరాబాద్‌లో కరెంటు పోవడం మామూలే. ఇంట్లో నాన్నో అమ్మో వెంటిలేటర్ మీద ఉంటే, ఆ నిమిషానికి ముందే సిద్ధపడి ఉండాలి.

మొదట అంబు బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి. బీరువాలో దాచకండి, మంచం తలవైపు మేకుకు వేలాడదీయండి. దాన్ని వాడటం డిశ్చార్జికి ముందే ఇంట్లో కనీసం ఇద్దరు నర్సు దగ్గర నేర్చుకోవాలి. పెద్దవాళ్లకైతే ఐదారు సెకన్లకు ఒకసారి, ఛాతీ కొద్దిగా లేచేంత వరకే నొక్కాలి. టెన్షన్‌లో చెయ్యి వేగం పెంచేస్తుంది, అందుకే పైకి లెక్కపెడుతూ నొక్కండి.

అలారం మోగితే స్క్రీన్ వైపు కాదు, ముందు మనిషి వైపు చూడండి. ఛాతీ లేస్తోందా? పెదవులు నీలంగా మారాయా? ఆయాసపడుతుంటే, కారణం వెంటనే దొరక్కపోతే, మెషీన్ తీసి అంబు బ్యాగ్ పెట్టండి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. లో ప్రెషర్ (గాలి ఒత్తిడి తక్కువ) అలారమైతే సాధారణంగా ఎక్కడో పైపు ఊడి ఉంటుంది. హై ప్రెషర్ అయితే కఫం అడ్డుపడి ఉండొచ్చు, పైపు మడతపడి ఉండొచ్చు. అలారం నోరు నొక్కేసి పక్కకు వెళ్లిపోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. సెట్టింగులు డాక్టర్ చెప్పకుండా ముట్టుకోవద్దు.

గొంతు దగ్గర ట్యూబ్ ఉన్నవాళ్లకు సక్షన్ మెషీన్‌తో కఫం లాగే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఒక్కోసారికి 10 నుంచి 15 సెకన్లు మించకూడదు. మొదలుపెట్టగానే మీరూ ఊపిరి బిగపట్టి చూడండి, వాళ్ల ఇబ్బంది తెలుస్తుంది. గొంతు దగ్గర ఉన్న ట్యూబ్ సైజుదే ఒకటి, అంతకంటే చిన్న సైజు ఒకటి అదనంగా ఉండాలి.

పైపుల్లో చేరిన నీళ్లు మనిషి వైపు పారకుండా వంపేయండి. గాలికి తేమ చేర్చే హ్యుమిడిఫయర్‌లో డిస్టిల్డ్ వాటరే పోయాలి, నల్లా నీళ్లు వద్దు. ఆక్సిజన్ ఉన్న గదిలో దీపం, అగరొత్తులు వెలిగించకండి.

బ్యాటరీ ఎంతసేపు వస్తుందో కంపెనీ మనిషిని పిలిచి పరీక్ష చేయించుకోండి, పాతబడేకొద్దీ ఆ సమయం తగ్గుతుంది. సక్షన్ మెషీన్‌కూ కరెంటు కావాలి కాబట్టి కాలితో తొక్కేది ఒకటి ఉంచుకోండి. కరెంటు ఫిర్యాదుకు 1912.

అడ్రసు, దగ్గరి గుర్తు, ట్యూబ్ సైజు పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి. రాత్రి అంబులెన్స్ వస్తే గేటు తాళం ఎవరు తీస్తారో వాచ్‌మన్‌తో ఈరోజే మాట్లాడండి.