మందు వేశాక తగ్గిందా, మందు వల్ల తగ్గిందా?

లక్షణం

"ఆ మాత్ర వేసుకున్నా, రెండో రోజుకల్లా జలుబు మాయం." "అప్‌డేట్ చేశా, మర్నాడే ఫోన్ పాడైంది." ఇలాంటి మాట నోట్లోంచి రాగానే ఒక్క క్షణం ఆగండి. మనకు కనిపించింది 'తర్వాత' మాత్రమే, 'వల్ల' మనం కలిపింది. కాకి వాలగానే తాటిపండు రాలిందని, కాకితాళీయం అనే మాట పుట్టిందే ఇందుకు.

ఎందుకిలా అనిపిస్తుంది

జలుబు సాధారణంగా వారం, పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. మనం మందు వెతుక్కునేది బాగా ముదిరాక, మూడో రోజో నాలుగో రోజో. అప్పటికే అది తగ్గుముఖం పట్టి ఉంటుంది. పేరు మాత్రం మాత్రకొస్తుంది.

ఇంకో రకం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా మొదటి డోసు పిల్లలకు ఏడాది వయసు ప్రాంతంలో వేస్తారు. ఆటిజం (మాటలో, నలుగురితో కలవడంలో తేడాగా కనిపించే ఎదుగుదల సమస్య) లక్షణాలు చాలామందిలో పెద్దల కంటపడేదీ ఇంచుమించు ఆ వయసులోనే. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లల గురించి వచ్చిన ఒక వ్యాసం ఆ రెండింటికీ ముడి పెట్టింది. 2010లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది. 2019లో డెన్మార్క్ పరిశోధకులు 6,57,461 మంది పిల్లల వివరాలు చూస్తే, టీకా వేయించుకున్నవారిలో ఆటిజం ఎక్కువేమీ లేదు. అయినా "నేనే వేయించాను" అని కుమిలిపోయే తల్లులు ఉన్నారు. ఆ తప్పు వాళ్లది కానే కాదు.

ఏం చేయాలి

"అది చేయకపోతే ఏమయ్యేది?" అని అడగండి. 1747లో బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్, స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) వచ్చిన 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో చికిత్స ఇచ్చాడు. నారింజ, నిమ్మ తిన్న జంట అందరికన్నా త్వరగా కోలుకుంది. మిగతా పది మంది పక్కనే ఉన్నారు కాబట్టే ఆ తేడా తెలిసింది.

ఇంట్లో అయితే ఒక నోట్‌బుక్ చాలు. ఏసీ వల్లే నాకు తలనొప్పి అని ఏళ్ల తరబడి నమ్మాను. నెల రోజులు రాసి చూశాను. ఏసీ వేసిన 18 రోజుల్లో 5 సార్లు వచ్చింది, వేయని 12 రోజుల్లో 4 సార్లు. ఏసీ వేసినా నొప్పి రాని 13 రోజులు అంతకుముందు నా లెక్కలోకే రాలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ పరీక్షలు వద్దు. మందు వేసుకున్న కాసేపటికే ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, కారణం తేలేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.