వాడిన ఫోను కొనే ముందు చూడవలసిన 15 అంకెలు

హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌లో గానీ, ఇంటి దగ్గరి సెల్ దుకాణంలో గానీ వాడిన ఫోను కొనేవారు సాధారణంగా గీతలు, కెమెరా, బ్యాటరీ చూసి బేరం మొదలుపెడతారు. నా ఉద్దేశంలో వాటన్నిటికంటే ముందు చూడవలసింది ఐఎంఈఐ సంఖ్య, అంటే ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య. *#06# డయల్ చేస్తే 15 అంకెల ఆ సంఖ్య తెర మీద కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు సంఖ్యలు వస్తాయి. బిల్లు, పెట్టె ఉంటే వాటి మీది సంఖ్యతో సరిపోల్చుకుని, మీ ఫోను నుంచి ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని రాసి, ఖాళీ వదిలి, ఆ సంఖ్యను చేర్చి 14422కు ఎస్సెమ్మెస్ పంపాలి. కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ యాప్‌లోనూ ఇదే చూసుకోవచ్చు. జవాబులో వచ్చిన కంపెనీ, మోడల్ పేర్లు చేతిలో ఉన్న ఫోనుతో కలవకపోయినా, బ్లాక్‌లిస్ట్ అనో డూప్లికేట్ అనో కనిపించినా, ధర ఎంత తగ్గించినా దాని జోలికి పోకపోవడమే మేలు. ఎందుకంటే దొంగతనం ఫిర్యాదుతో బ్లాక్ అయిన ఫోనులో సిమ్ మార్చినంత మాత్రాన నెట్‌వర్క్ రాదు.

ఫోనులోని పాత సమాచారమంతా చెరిపేసి రీసెట్ చేశామని అమ్మేవారు చెప్పే మాటను కూడా నేను నమ్మను. గూగుల్ ఖాతాను తొలగించకుండా రికవరీ మెనూ (ఫోను ఆపి, పక్క బటన్లు నొక్కి తెరిచేది) నుంచి రీసెట్ చేసిన ఆండ్రాయిడ్ ఫోను, తిరిగి తెరిచినప్పుడు పాత యజమాని వివరాలే అడుగుతుంది కనుక, డబ్బు చెల్లించక ముందే అమ్మేవారి ఎదుట మీ ఖాతాతో లాగిన్ అయి చూడండి.