ప్రాసెసర్ బోర్డుకు తగిన క్రిస్టల్‌ను ఎంచుకోవడం ఎలా?

బోర్డుకు క్లాక్ లయను ఇచ్చే క్వార్ట్జ్ క్రిస్టల్ కొనేటప్పుడు చాలామంది దాని మీద ముద్రించిన ఫ్రీక్వెన్సీని మాత్రమే చూస్తారు. కానీ బల్ల మీద చక్కగా పనిచేసిన బోర్డు వేడికో చలికో మొరాయించిందంటే, తప్పు తరచుగా లోడ్ కెపాసిటెన్స్ (క్రిస్టల్ కు బయటి నుంచి అందాల్సిన కెపాసిటెన్స్), ఈఎస్ఆర్ (క్రిస్టల్ లోపలి నిరోధం) అనే రెండు విలువల దగ్గరే ఉంటుంది. బాగా వాడుకలో ఉన్న ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్‌ను ఉదాహరణగా తీసుకుని, ఎంపిక ఏ క్రమంలో చేయాలో చూద్దాం.

మొదట ఎంత కచ్చితత్వం కావాలో తేల్చుకోవాలి. సీరియల్ పోర్టుతో సరిపెట్టుకునే బోర్డుకు చిప్‌లోనే ఉన్న, క్రిస్టల్ లేకుండా నడిచే ఆర్‌సీ ఆసిలేటర్ చాలాసార్లు చాలు. ఫుల్‌స్పీడ్ యూఎస్‌బీకి 0.25 శాతం, అంటే 2500 పీపీఎం (పది లక్షల్లో 2500 భాగాలు) వరకు తేడా ఉన్నా ఫరవాలేదు కాబట్టి, అక్కడ 10 పీపీఎం క్రిస్టల్‌కు ఎక్కువ ధర పెట్టడం దండగ. ఈథర్‌నెట్‌కు మాత్రం 50 పీపీఎం లోపు ఉండాలి. గడియారం నడపాలంటే ఇంకా జాగ్రత్త అవసరం. 20 పీపీఎం తేడా అంటే రోజుకు దాదాపు 1.7 సెకన్లు.

తర్వాత ఫ్రీక్వెన్సీ. ఈ చిప్ 4 నుంచి 16 మెగాహెర్ట్జ్ వరకు క్రిస్టల్‌ను అంగీకరిస్తుంది. 8 మెగాహెర్ట్జ్ పెడితే లోపలి పీఎల్ఎల్ (ఫ్రీక్వెన్సీని పెంచే సర్క్యూట్) దాన్ని 9 రెట్లు చేసి 72కు చేరుస్తుంది, దాన్ని 1.5తో భాగిస్తే యూఎస్‌బీకి కావలసిన 48 వస్తుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో కనిపించే 8051 అనే పాత మైక్రోకంట్రోలర్ బోర్డుల మీద 11.0592 అనే వింత అంకె ఉండటానికి కారణమూ ఇలాంటి లెక్కే: దాన్ని 12తోనూ, 32తోనూ, 3తోనూ భాగిస్తే సీరియల్ పోర్టుకు కావలసిన వేగం సరిగ్గా 9600 బాడ్ వస్తుంది.

ఇక అసలు విషయం లోడ్ కెపాసిటెన్స్. క్రిస్టల్ డేటాషీట్‌లో ఇచ్చిన విలువ నుంచి ట్రాకులు, పిన్నుల వల్ల చేరే స్ట్రే కెపాసిటెన్స్‌ను తీసివేసి, మిగిలినదాన్ని రెట్టింపు చేస్తే రెండు వైపులా పెట్టవలసిన కెపాసిటర్ల విలువ వస్తుంది. 18 పికోఫారడ్ల క్రిస్టల్‌కు స్ట్రే 5 అనుకుంటే 26 వస్తుంది. బజారులో దొరికే 27 పెట్టవచ్చు. ఎక్కడ చూసినా 22 వాడుతున్నారని కళ్లు మూసుకుని అదే పెట్టకూడదు.

ఈఎస్ఆర్ ఎక్కువైతే క్రిస్టల్ కంపించడం మొదలుపెట్టడానికి చిప్ మరింత బలంగా నెట్టవలసి వస్తుంది. ఈఎస్ఆర్‌ను 4తోనూ, కోణీయ ఫ్రీక్వెన్సీ వర్గంతోనూ, లోడ్, షంట్ (క్రిస్టల్ సొంత) కెపాసిటెన్స్‌ల మొత్తం వర్గంతోనూ గుణిస్తే క్రిస్టల్‌కు కావలసిన కనీస ట్రాన్స్‌కండక్టెన్స్, అంటే చిప్ కనీసం ఎంత బలంగా నెట్టాలో తెలుస్తుంది. చిప్ ఇచ్చేది దానికి కనీసం 5 రెట్లు ఉండాలి. 8 మెగాహెర్ట్జ్ దగ్గర ఈ షరతు సులువుగా తీరుతుంది. ఇబ్బందంతా 32.768 కిలోహెర్ట్జ్ గడియారపు క్రిస్టల్‌తోనే. దాని ఈఎస్ఆర్ పదుల కిలోఓమ్‌లలో ఉంటుంది, దాన్ని నడిపే సర్క్యూటేమో కరెంటు ఆదా కోసం బలహీనంగా కట్టింది. అందుకే ఈ చిప్ డేటాషీట్ 7 పికోఫారడ్లకు మించని క్రిస్టల్‌నే వాడమనీ, సులువుగా దొరికే 12.5 పికోఫారడ్ల రకాన్ని వాడవద్దనీ హెచ్చరిస్తుంది.

పరికరం ఆరుబయట ఉండేదైతే మైనస్ 40 నుంచి 85 డిగ్రీల రకం తీసుకోవాలి. ప్యాకేజీ చిన్నదయ్యేకొద్దీ ఈఎస్ఆర్ సాధారణంగా పెరుగుతుందని గుర్తుంచుకుని, స్థలం ఉంటే మరీ చిన్నదాని జోలికి పోకపోవడం మంచిది.

బోర్డు మీద క్రిస్టల్‌ను పిన్నులకు ఆనుకునేలా పెట్టి, దాని కింద సిగ్నల్ ట్రాకులు పోనివ్వకూడదు. సోల్డరింగ్ తర్వాత మిగిలిన, టంకం అంటుకోవడానికి వాడే ఫ్లక్స్‌ను శుభ్రంగా తుడవాలి. తేమ తగిలిన ఫ్లక్స్ 32 కిలోహెర్ట్జ్ క్రిస్టల్‌ను ఆపేయగలదు. 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఫ్రీక్వెన్సీని కొలిచేటప్పుడు ప్రోబ్‌ను నేరుగా క్రిస్టల్ కాలుకు తగిలిస్తే ప్రోబ్ కెపాసిటెన్స్ కూడా లోడ్‌లో కలిసి అంకె మారిపోతుంది కనుక, క్లాక్‌ను పీఏ8 పిన్ మీదికి బయటికి పంపి అక్కడే కొలవాలి.