లైవ్ బ్లడ్ టెస్టులో తెల్లకణాలు తేడాగా ఉన్నాయన్నారా?

వేలికి సూది గుచ్చి తీసిన చుక్కను, రంగు వేయకుండానే కవర్ స్లిప్ (పల్చటి గాజు ముక్క) కింద పెట్టి, మైక్రోస్కోపు ద్వారా టీవీ తెర మీద చూపిస్తారు. నల్లటి తెర మీద మెరిసే కణాలు ముచ్చటగానే ఉంటాయి. ఆ వెంటనే "మీ ఇమ్యూనిటీ వీక్" అనేసరికి టెన్షన్ మొదలవుతుంది. మనిషిని అనుమానించే ముందు ఆ చుక్కను అనుమానించాలి.

సమస్య: తెల్లకణాలు కదలడం లేదు
కారణం: న్యూట్రోఫిల్ అనే రకం తెల్లకణం ఒంటి వేడిలో, అంటే 37 డిగ్రీల దగ్గర చురుగ్గా పాకుతుంది. ఏసీ గదిలో చల్లటి గాజు మీద పడితే మందగించి గుండ్రంగా ముడుచుకుంటుంది. పైగా చుక్క అంచుల నుంచి ఆరిపోతూ ఉంటుంది. అరగంట తర్వాత చూస్తే ఎవరి కణాలైనా నీరసంగానే కనిపిస్తాయి.
పరిష్కారం: ఈ కదలికను బట్టి రోగనిరోధక శక్తిని తేల్చలేం. మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు వస్తుంటే డిఫరెన్షియల్‌తో (తెల్లకణాల రకాలవారీ లెక్కతో) సీబీసీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష చేయించుకుని డాక్టరుకు చూపించండి. పెద్దవాళ్లలో మొత్తం తెల్లకణాలు మైక్రోలీటరుకు సుమారు 4,000 నుంచి 11,000 ఉంటాయి.

సమస్య: కణాల మధ్య చుక్కలు గెంతుతున్నాయి, "బ్యాక్టీరియా" అన్నారు
కారణం: చాలాసార్లు అది మీ టిఫినే! నెయ్యి, నూనె తిన్న కొన్ని గంటలపాటు రక్తంలో తిరిగే సన్నటి కొవ్వు బొట్లు డార్క్ ఫీల్డ్‌లో (నల్లటి నేపథ్యం మీద కణాలు మెరిసేలా చూపే ఈ మైక్రోస్కోపు పద్ధతిలో) నాట్యం చేస్తాయి. ప్లేట్‌లెట్లు, గాజు మీది దుమ్ము కూడా అలాగే మెరుస్తాయి.
పరిష్కారం: రక్తంలో బ్యాక్టీరియా ఉందో లేదో తేల్చేది బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని సూక్ష్మజీవులను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. చలిజ్వరంతో వణుకుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

సమస్య: "ఈసినోఫిల్స్ ఎక్కువ, అలర్జీ ఉంది"
కారణం: ఈసినోఫిల్స్ కూడా తెల్లకణాల్లో ఒక రకం. వందల ఎర్రకణాలకు ఒక్క తెల్లకణం ఉంటుంది. తెర మీద కనిపించిన నాలుగింటిలో రెండు ఈసినోఫిల్స్ అయితే యాభై శాతమని చెప్పేయొచ్చు, కానీ అది లెక్క కాదు.
పరిష్కారం: ల్యాబ్‌లో లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేసిన స్మియర్‌లో (గాజు పలక మీద పల్చగా పరిచిన రక్తంలో) కనీసం 100 తెల్లకణాలు లెక్కపెడతారు. ఆ అంకెను నమ్మండి.

క్యాన్సర్ మాట ఎత్తితే ఇంకా జాగ్రత్త. 2005లో జర్మనీలో 110 మంది మీద ఈ డార్క్ ఫీల్డ్ పద్ధతిని పరీక్షించారు. క్యాన్సర్ ఇతర భాగాలకు పాకినట్టు వేరే పరీక్షల్లో తేలినవాళ్లు 12 మంది ఉంటే, ఇది పట్టుకున్నది ముగ్గురినే.

సమస్య: ల్యాబ్ స్మియర్‌లోనే న్యూట్రోఫిల్స్ నిండా బుడగలు
ఇది మా ల్యాబ్ వాళ్లకూ తప్పదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో బుడగలు నిజంగానే వస్తాయి. ఊదా మూత ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా మందు వేసి ఉండేది) రక్తం గంటల తరబడి నిలవున్నా వస్తాయి. ముందు ట్యూబు మీద రక్తం తీసిన టైము చూడాలి. తాజాగా తీసి, రెండు గంటల్లోపు స్మియర్ వేస్తే నిలవ వల్ల వచ్చిన బుడగలు కనపడవు. అప్పటికీ ఉంటే పాథాలజిస్టును పిలవాలి.