ఎనర్జీ సిమ్యులేషన్ నేర్చుకోవడం ఎలా? ఒక్క గదితో మొదలుపెట్టండి

ఎనర్జీ సిమ్యులేషన్ అంటే ఒక భవనాన్ని చల్లబరచడానికి, వేడిచేయడానికి ఎంత శక్తి కావాలో కంప్యూటర్‌లో లెక్కవేయడం. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదటి రోజే పెద్ద భవనం గీసేస్తే, ఫలితం తేడాగా వచ్చినప్పుడు తప్పు ఏ గోడలో ఉందో, ఏ షెడ్యూల్‌లో (ఏ గంటకు ఏది ఎంత నడుస్తుందో చెప్పే పట్టికలో) ఉందో దొరకదు. అదే ఒక్క గది అయితే చాలా అంకెల్ని కాగితం మీద లెక్కవేసి సరిచూడొచ్చు.

1. ప్రోగ్రామ్, వెదర్ ఫైల్. లెక్కలు చేసే ఇంజన్ ఎనర్జీప్లస్, ఉచితంగా దొరుకుతుంది. దానికి మీ ఊరి వాతావరణ వివరాలుండే ఈపీడబ్ల్యూ (.epw) ఫైల్ ఇవ్వండి. అందులో ఏడాదిలోని 8,760 గంటలకూ ఉష్ణోగ్రత, తేమ, ఎండ, గాలి వివరాలుంటాయి.

2. గది. పొడవు 8 మీటర్లు, వెడల్పు 6, ఎత్తు 2.7. దక్షిణం గోడకు 3×2 మీటర్ల కిటికీలు రెండు. ఇవి ఇలాంటి ప్రోగ్రాములను పరీక్షించే యాష్రే (ASHRAE) 140 ప్రమాణంలోని 'కేసు 600' అనే నమూనా గది కొలతలు. ఇతర ప్రోగ్రాముల ఫలితాలతో పోల్చుకోవాలంటే మాత్రం వెదర్ ఫైల్‌తో సహా అన్నీ ఆ కేసువే వాడాలి.

3. గోడ పొరలు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పొరల్ని బయటి నుంచి లోపలికి వరుసగా రాయాలి. తిరగేసి రాస్తే యూ-విలువ (గోడ గుండా వేడి ఎంత తేలిగ్గా పోతుందో చెప్పే అంకె) మారదు, ప్రోగ్రామ్ కూడా అభ్యంతరం చెప్పదు. కానీ కాంక్రీటు గోడ అయితే, బయట ఉండాల్సిన ఇన్సులేషన్ లోపలికి వస్తుంది. గదిలోని వేడిని పట్టి ఉంచాల్సిన కాంక్రీటు దాని వెనక్కి పోతుంది. దాంతో ఏసీ మీద పడే గరిష్ఠ భారమూ, అది పడే గంటా మారిపోతాయి.

4. లోపలి వేడి, ఏసీ. రాత్రీపగలూ 200 వాట్లు వేడి వెలువడుతుందని పెట్టండి. బయటి గాలి చొరబాటు గంటకు 0.5 మార్పిడి, అంటే గంటలో గది గాలిలో సగమంత బయటి గాలి లోపలికి వస్తుంది. హీటింగ్ 20 డిగ్రీలకు, కూలింగ్ 27కు. మొదట్లో అసలు ఏసీ యంత్రం జోలికి పోకుండా 'ఐడియల్ లోడ్స్' (ఎంత కావాలంటే అంత ఇచ్చే ఊహాత్మక ఏసీ) వాడండి. గదికి ఎంత వేడి, ఎంత చల్లదనం కావాలో సూటిగా తెలుస్తుంది.

5. రన్ చేసేముందు అంచనా రాసుకోండి. కూలింగ్ ఎక్కువా, హీటింగా? ఏ నెలలో? ఈ అలవాటు లేకపోతే తెర మీద కనిపించిందల్లా నిజమనిపిస్తుంది.

6. ఎర్రర్ ఫైల్. రన్ 'విజయవంతంగా పూర్తయింది' అని వచ్చినా 'సివియర్' (తీవ్రమైన) తప్పులు ఉండొచ్చు. తప్పులన్నీ రాసి ఉండే ఈఆర్‌ఆర్ (.err) ఫైల్ తెరిచి పైనుంచి చదవండి. మొదటి తప్పు దిద్దితే కిందివి చాలావరకు వాటంతటవే పోతాయి.

7. చేత్తో సరిచూడండి. 200 వాట్లు × 8,760 గంటలు = 1,752 యూనిట్లు (కిలోవాట్ అవర్లు). ఫలితంలో లోపలి వేడి ఇంతే రావాలి. తక్కువైతే షెడ్యూల్‌లో గంటలు తప్పాయి. అంకె మరీ పెద్దదిగా కనిపిస్తే అది జౌల్స్ అనే చిన్న శక్తి కొలతలో ఉంది. 36 లక్షలతో భాగిస్తే యూనిట్లు వస్తాయి.

8. ఒక్కసారికి ఒక్క మార్పు. ముందు కిటికీల పైన ఒక మీటరు సన్‌షేడ్ పెట్టి రన్ చేయండి. తర్వాత దాన్ని తీసేసి, ఎండను తక్కువగా లోపలికి వదిలే గాజు పెట్టండి. రెండింటిలోనూ కూలింగ్‌తో పాటు హీటింగ్ అంకె కూడా చూడండి. చలికాలం ఉన్న చోట ఆ గాజు ఏడాది పొడవునా ఎండను ఆపుతుంది, కాబట్టి కూలింగ్‌లో మిగిలినదాంట్లో కొంత హీటింగ్‌కు పోతుంది. ఉత్తరార్ధగోళంలో దక్షిణపు సన్‌షేడ్ అయితే చలికాలపు వాలు ఎండను చాలావరకు లోపలికి రానిస్తుంది.